మీటరుకి రెండు వేళ్ళు తక్కువ

మే నెలలో ప్రతి శుక్రవారం పొద్దున్నే బుల్లిరాజుకి తిక్క రేగేది. కొత్త కారణమేమీ ఉండేది కాదు. పాత కారణమే, బోటు ముందు భాగంలో మడత కుర్చీ వేసుకుని కూర్చుని, నడుం లోతు కూడా లేని నీళ్ళలోకి గాలం విసురుతూ ఉండేది.

ఆ కారణం పేరు హసన్. పెద్దకొడుకు పేరు మీద ఊళ్ళోవాళ్ళకి అబూ జాసిం, బుల్లిరాజుకి బాబా. ఈ అరబ్బు దీవిలో బుదైయా అనే ఊళ్ళో ఖర్జూరపు చెట్ల మధ్య పెద్ద విల్లా, ఎప్పుడో విడిచిపెట్టిన పెద్ద ఉద్యోగం తాలూకు దర్జా, ఒక కుంటికాలు, ఇవీ ఆయన ఆస్తులు. భార్య పోయి కొన్నేళ్ళయింది. కొడుకులు ముగ్గురూ మంచివాళ్ళే. పండగలకి వస్తారు, తండ్రి నుదుటి మీద ముద్దు పెడతారు, ఫోన్లు చూసుకుంటూ కాసేపు కూర్చుని ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోతారు. బుల్లిరాజు ఆ ఇంట్లో డ్రైవరు, తోటమాలి, బుసైతీన్ రేవులో కట్టేసి ఉండే బోటుకి శుక్రవారాల్లో సరంగు. ఆ మూడింట్లోనూ మూడోదే తన అసలు పని అని అతని నమ్మకం. ఉప్పాడ పక్కన సముద్రపొడ్డు పాలెంలో పుట్టినవాడు మరి, కారు నడుపుతున్నా కాళ్ళ కింద అల కోసం వెతుక్కునేవాడు.

బాబాకి ఒక పిచ్చి ఉంది. దాని పేరు పైక్. ఏటా ఇక్కడ ఎండలు ముదిరే వేళకి ఆయన కెనడాలో ఉత్తరాన, మనిషి జాడ లేని అడవి సరస్సుల మీదికి పోయేవాడు. అక్కడ అప్పుడే మంచు కరుగుతుందట. చిన్న విమానం వచ్చి నీళ్ళ మీదే వాలుతుందట. చలికాలమంతా అడుగున బిగుసుకుపోయిన పెద్ద పెద్ద పైక్ చేపలు ఎండ కాచుకోవడానికి ఒడ్డు పక్క తుంగలోకి, లోతులేని నీళ్ళలోకి వస్తాయట. అప్పుడు రంగులు వేసిన చెక్క చేపని గాలానికి కట్టి విసిరి, ఒంట్లో బాగాలేని చేప ఈదుతున్నట్టు నెమ్మదిగా లాగాలట. వచ్చినవాళ్ళు కూర్చునే మజ్లిస్ గది గోడల నిండా ఆ చేపల ఫోటోలే. బుల్లిరాజు మొదటిసారి చూసినప్పుడు కొరమేనుకి మొసలి మూతి అతికించారనుకున్నాడు. పచ్చటి ఒళ్ళు, పసుపు చుక్కలు, నోటినిండా దువ్వెన పళ్ళు.

అంతా బాగానే ఉంది. ఇంత కష్టపడి పట్టిన చేపని ఏం చేస్తారని అడిగాడు బుల్లిరాజు. తడి పట్టా మీద పడుకోబెట్టి, కొలిచి, ఫోటో తీసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తామన్నాడు బాబా. ఆ రోజు బుల్లిరాజుకి అన్నం సయించలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా? సముద్రాలు దాటి వెళ్ళి మరీ అడుసు తొక్కే మనిషిని అతను అప్పుడే చూశాడు.

ఆ వేటగాళ్ళకి మీటరు పొడవు అనేది ఒక గీత. మీటరు పైక్ పట్టినవాడు పెద్దవాడు, పట్టనివాడు ఎన్ని పట్టినా చిన్నవాడే. కిందటేడు బాబాకి పడ్డది మీటరుకి రెండు వేళ్ళు తక్కువ. వెంట ఉన్న గైడు టేపు చూపించి తల అడ్డంగా ఊపాడట. బాబా ఆ ఫోటోనే అన్నిటికంటే పెద్ద ఫ్రేములో పెట్టించి తన కుర్చీకి ఎదురుగా తగిలించుకున్నాడు, రోజూ పుండు మీద వేలు పెట్టుకుని చూసుకోవడానికి.

ఈ ఏడు డాక్టరు అడ్డం పడ్డాడు. కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, అంతేసి దూరం విమానంలో కూర్చోవడానికి వీల్లేదన్నాడు. దానితో ఆ పిచ్చంతా ఇంకో దారి లేక బుల్లిరాజు నెత్తిన పడింది.

సరిగ్గా ఈ ఏడే బుల్లిరాజుకి సెలవు కావాలి. తూర్పు తీరంలో వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం పెడతారు. బోట్లన్నీ ఒడ్డెక్కి కూర్చుంటాయి. జూన్ నడిమికి నిషేధం ఎత్తేస్తారు, ఆ తెల్లవారుజామున ఊరికి ఊరు సముద్రం మీద పడుతుంది. ఈసారి ఆ రోజున అతని అన్న అచ్చిబాబు కొత్త బోటు దించుతున్నాడు. అది అన్నదమ్ములిద్దరి బోటు. ఇంకో రెండేళ్ళు ఇక్కడ చేసి, ఆ తర్వాత ఇంటికి పోయి ఆ బోటు మీదే బతకాలని బుల్లిరాజు ఆశ. ఆ ఆశే లేకపోతే ఈ ఎండలో ఖర్జూరపు మొక్కలకి నీళ్ళు పోస్తూ ఎవడుంటాడు?

వాళ్ళ నాన్న రెండు కట్టుబాట్లు పెట్టి పోయాడు. ఒకటి, కొత్త బోటు ఇసక మీంచి నీళ్ళలోకి జరిగే మొదటి తోపులో ఎవడి చెయ్యి ఉండదో వాడు ఆ బోటుకి పరాయివాడు. తర్వాత ఎప్పుడొచ్చినా కూలివాడిగా ఎక్కాల్సిందే. ఇది ఉత్తుత్తి మాట కాదు. నాన్న తన సొంత తమ్ముణ్ణే అలా కూలివాణ్ణి చేశాడు, ఆ చిన్నాన్న చచ్చేదాకా తన అన్న బోటులోనే కూలి చేశాడు. రెండోది, పెద్ద చేప పడితే తూకానికీ బేరానికీ ముందే తోక కొసలు కోసి గంగమ్మ తల్లికి ఇచ్చెయ్యాలి. అమ్మ వాటా అమ్మకి ఇవ్వకుండా చేపకి లెక్క కట్టకూడదు. మొదటి కట్టుబాటు కోసమే బుల్లిరాజు సెలవు అడిగాడు. రెండోదాన్ని ఈ దేశం వచ్చాక మర్చిపోయాననే అనుకున్నాడు.

ఏప్రిల్‌లో అతను సెలవు మాట ఎత్తేసరికి బాబా డాక్టరు మీద మండిపడుతూ ఉన్నాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది సగం హిందీ, పాతిక అరబ్బీ, మిగతాది చేతుల సైగలు. మనం తెలుగులో చెప్పుకుందాం.

"నువ్వు పోతే బోటు ఎవరు నడుపుతారు? నాకు రాదు," అన్నాడు బాబా. తర్వాత గోడ మీది పెద్ద ఫ్రేము వైపు చాలాసేపు చూశాడు. "ఇక్కడి సముద్రంలోనే నా చెక్క చేపలతో ఒక్క మీటరు చేప పడనీ. ఆ మర్నాడే పో."

బుల్లిరాజు లోపల నవ్వుకున్నాడు. మీటరు వంజరం చేపని చిన్నప్పటినుంచీ భుజాన వేసుకు తిరిగినవాడికి ఇదొక షరతా? రెండు శుక్రవారాల్లో తేల్చేస్తానని వీరమ్మకి ఫోన్ చేసి చెప్పాడు కూడా. వీరమ్మ అతని భార్య, మొగుడి మాటల్లో సగం తీసేసి మిగతాది నమ్మే మనిషి.

ఆ నవ్వు మొదటి శుక్రవారానికే ఆరిపోయింది. బాబా లోతు నీళ్ళలోకి రానంటాడు. ఆయన చూపంతా బుసైతీన్‌కి ఉత్తరంగా నీళ్ళలో మునిగి గడ్డి మొలిచిన ఇసక మేటల మీదే. ఆ నీళ్ళు మే ఎండకి స్నానానికి కాచినట్టుంటాయి. పెద్ద చేపలు ఎండ కాచుకోవడానికి వచ్చేది చలి దేశంలో బాబా, ఇక్కడ ఎండే వాటిని కాల్చుకు తింటోంది అని బుల్లిరాజు చేతులు తిప్పి తిప్పి చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పైక్ అయినా ఏదైనా, పెద్ద చేప గడ్డి అంచున పొంచి ఉంటుంది, అది ఎక్కడైనా ఒకటే అని బాబా మళ్ళీ విసిరాడు. గడ్డి పడింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ గడ్డి పడింది. ఎండ నడినెత్తికొచ్చే వేళకి అరచెయ్యంత చేప ఒకటి పడితే దాన్ని కొలిచి, ఫోటో తీసి, క్షమించమన్నట్టు చూసి వదిలేశాడు. అవతల ముహర్రఖ్ విమానాశ్రయంలో దిగే విమానాలు, ఎగిరే విమానాలు బోటు నెత్తి మీంచి ఊరికే వెక్కిరిస్తూ పోతున్నాయి.

తర్వాతి వారం బుల్లిరాజు బతిమాలి, భయపెట్టి, ఆఖరికి మేటల మీది గడ్డి ఇంజనుకి చుట్టుకుంటోందని అబద్ధమాడి బోటుని లోతుకి లాక్కుపోయాడు. పక్షులు గుంపుగా నీళ్ళ మీద వాలుతున్న చోటు చూపించి, కింద వంజరాలున్నాయి, నాది హామీ అన్నాడు. పక్షులున్నాయి. వంజరాలు లేవు. జానెడు చేపలు నాలుగు పడ్డాయి. ఇది అతని సముద్రం కాదు మరి, ఇక్కడి పక్షులకి ఉప్పాడ సంగతులు తెలియవు. బాబా వాటిని కూడా వరసగా కొలిచి వదిలేశాడు, అది చూసి బుల్లిరాజుకి ఒళ్ళు మండింది. ఆ మీదటి వారం చెక్క చేప కడుపు కింద బాబా చూడకుండా ఒక కవళ్ళు చేప ముక్క కట్టాడు, వాసనకైనా ఏదో ఒకటి వస్తుందని. బాబా కనిపెట్టేశాడు. ఎర వేసి పట్టడం మోసమని, నిజమైన వేటగాడు ఆకలిగా ఉన్న చేపని కాదు, కోపంగా ఉన్న చేపని పట్టాలని మధ్యాహ్నం దాకా పాఠం చెప్పాడు. కోపంగా ఉన్నది ఎవరో ఆయనకి తెలియలేదు.

ఇక లాభం లేదని బుల్లిరాజు ఇంకో దారి పట్టాడు. బోటు నడిపేవాడు లేడన్నదే కదా ఆయన మాట, మనిషిని చూపిస్తే సరి. మీనా సల్మాన్ ఓడరేవులో బోట్లు బాగుచేసే వర్క్‌షాపులో లింగన్న అని జగిత్యాల వైపు మనిషి ఉన్నాడు. వయసులో పెద్ద, మంచివాడు, నోరు మూత పడదు. ఇన్నేళ్ళుగా బోట్ల అడుగులకి ఫైబరు పూస్తున్నాడు గానీ, పూసిన బోటు నీళ్ళలో ఎలా ఉంటుందో ఎన్నడూ ఎక్కి చూడలేదు. శుక్రవారం సెలవు. బుల్లిరాజు అతని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"తమ్మీ, మా ఊరి చెర్వుల గూడ నేను మోకాళ్లకాడికే దిగిన. గంత నీళ్లు జూస్తేనే నాకు బుగులైతది," అన్నాడు లింగన్న. అన్నాడు గానీ వచ్చాడు.

రేవు దాటగానే లింగన్న కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. కక్కి, మూతి తుడుచుకుని, బాబా పక్కన కూలబడి మాటలు మొదలుపెట్టాడు. భయమేస్తే అతనికి మాటలు ఎక్కువవుతాయి. పెళ్ళాం జమున గురించి, పసుపు పంట గురించి, తప్పిపోయి మూడు ఊళ్ళు తిరిగి తనంతట తానే ఇంటికి వచ్చిన బర్రె గురించి అచ్చమైన తెలంగాణ మాటల్లో చెప్పుకుపోయాడు. మధ్యమధ్య లేచి కక్కడం, మళ్ళీ వచ్చి బర్రెని ఆపినచోటునుంచి అందుకోవడం. తప్పిపోయిన బర్రె సంగతని బుల్లిరాజు సైగ చేసి చెప్పింది తప్ప, బాబాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. గాలం మీంచి చూపు తిప్పి అతని ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. స్టీరింగు ఇస్తే లింగన్న బోటుని సరాసరి మేట ఎక్కించాడు. ఒడ్డుకొచ్చాక బాబా, వీడికి బోటు రాదు, ఖలాస్ అన్నాడు. బుల్లిరాజు ఆశ అక్కడితో ఆరిపోయింది.

జూన్ వచ్చింది. అచ్చిబాబు ఫోన్ చేశాడు. పడవకి రంగులు వేయించేశాడట, పేరు కూడా రాయించేశాడట.

"ఒరే బుల్లీ, నిసేదం తీసిన పొద్దున్న ఊళ్ళో బోట్లన్నీ ఎలిపోతాయి. మన్దొక్కటే ఒడ్డున కూకోబెట్టి నీకోసం సూత్తా ఉండలేను. వత్తే రా. రాకపోతే నాన్న మాట నీకు తెలుసు, నాకు తెలుసు," అన్నాడు. కోపంతో అనలేదు. అందుకే అది బుల్లిరాజుకి గుచ్చుకుంది. ఆ బోటు లేకపోతే అతనికి ఇంటికి పోవడానికి ఊరుంటుంది గానీ, ఊళ్ళో చెయ్యడానికి సొంత పని ఉండదు. ఇక్కడా నౌకరే, అక్కడా కూలే.

వీరమ్మ ఫోన్ తీసుకుంది. "పట్టిన సేపనల్లా వదిలేత్తాడని సెప్పావు కదా మీ బాబా. మరి నిన్ను పట్టి వదల్డేంటి?" అంది.

ఆ రాత్రి పడుకున్నాక బుల్లిరాజుకి ఆ ప్రశ్నకి తట్టిన జవాబులన్నీ బూతులే.

ఆఖరి శుక్రవారం వచ్చింది. ఇది దాటితే ఇక టికెట్టు తీసుకున్నా అందుకోలేడు. బుల్లిరాజు ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. బాబా ఎటు చెయ్యి చూపితే అటు తిప్పాడు. గడ్డి మేటలా, పోదాం పద. చెక్క చేపా, విసురు. పసుపు ఒళ్ళు, ఎర్ర తల ఉన్న పాత చెక్క చేప ఒకటి తీశాడు బాబా. పైక్ పళ్ళ గాట్లు దానినిండా ఉన్నాయి. కిందటేడు రెండు వేళ్ళు తక్కువైన చేప దీనికే పడిందట. మేట ఆగిపోయి నీళ్ళు నల్లబడే అంచు వెంట విసిరి, జ్వరం వచ్చిన చేపలా నెమ్మదిగా లాగసాగాడు.

గాలం కర్ర ఒక్కసారి విల్లులా వంగింది. చక్రం గిర్రున తిరిగి కూత పెట్టింది. బాబా కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆయన కుంటికాలి మీద లేచి నిలబడ్డాడు. బుల్లిరాజు మౌనం ఎగిరిపోయింది. వదులు వదులు, ఇప్పుడు బిగించు, బోటు తిప్పుతున్నా నువ్వు దాన్ని చూడు అని తెలుగులోనే అరుస్తూ బోటుని చేప వెంట తిప్పాడు. బాబాకి తెలుగు రాదు, అయినా చెప్పినట్టే చేశాడు. చేప బోటు కింద దూరింది, బయటికొచ్చింది, దూరంగా ఒకసారి నీళ్ళ మీద అడ్డంగా మెరిసింది. వంజరం. పెద్ద వంజరం. బాబా చెప్పిన చోటే, బాబా చెక్క చేపకే, ఆ గడ్డి అంచునే పొంచి ఉంది. ఆ ముక్క ఒప్పుకోవడానికి బుల్లిరాజుకి అప్పుడు తీరిక లేదు.

చాలాసేపటికి అది అలిసింది. కర్రకి కట్టిన వల సంచిలో పట్టలేదు. బుల్లిరాజు వంగి రెండు చేతులతో కౌగిలించుకుని పైకెత్తి బోటులో వేశాడు. అంత పెద్ద చేపని ఒంటికి హత్తుకుని ఐదేళ్ళయింది. ఆ బరువు, ఆ చలి, ఆ వాసన. అతనికి కళ్ళనీళ్ళొచ్చాయి. మీటరు దాటుతుందా అంటే, చూస్తేనే తెలుస్తోంది. మనసులో అప్పుడే ఇంటికి పోతున్నాడు. అచ్చిబాబు పక్కన నిలబడి బోటు తోస్తున్నాడు.

బాబా రొప్పుతూ వెనక్కి తిరిగి, బల్ల కింద ఇరుక్కుపోయిన కొలత పట్టాని లాగుతున్నాడు. బుల్లిరాజు గాలం ముల్లు తీశాడు. నడుముకున్న చాకు చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కొడవలిలాంటి ఆ తోక కొసలు రెండూ చటుక్కున తెగాయి. వాటిని కళ్ళకద్దుకుని, అమ్మా గంగమ్మా, నీ వాటా అని నీళ్ళలోకి విసిరాడు.

బాబా పట్టా తీసుకుని ఇటు తిరిగాడు.

చేప మూతి పట్టా అంచుకి ఆనించి, తోక రెండు పాయలూ దగ్గరికి నొక్కి చూశాడు. పైక్‌ని అలాగే కొలుస్తారు. మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. మీటరుకి రెండు వేళ్ళు తక్కువ.

"తోకకి ఏమైంది?" అన్నాడు.

బుల్లిరాజు చాకు వైపు చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది తనేం చేశాడో. తెలిశాక ముందు వచ్చినది ఏడుపు కాదు, భయం కాదు, తన చేతుల మీద తనకే చెప్పలేనంత చిరాకు. నెలన్నర గడ్డి పట్టి పట్టి, తీరా నోటిదాకా వచ్చిన ముద్దని తనే నేలపాలు చేసుకున్నాడు. సైగలు చేస్తూ సంగతి చెప్పాడు. నాన్న, గంగమ్మ, వాటా. బాబా విన్నాడు. కొస ఎంత ఉంటుందని అడిగాడు. కొలిచి కొయ్యలేదు కదా, ఏం చెప్తాడు? ఒక వేలు ఉండొచ్చు, మూడు ఉండొచ్చు.

"అయితే మనకి తెలియదు. పట్టా మీద లేనిది లేనట్టే," అన్నాడు బాబా. "మీటరు కాదు."

బుల్లిరాజు లేచాడు. ఐదేళ్ళలో బాబా ముందు ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తాడు, తెలుగులో.

"మీటరంట మీటరు. నీ సరస్సు సేపకీ మీటరే, నా బతుక్కీ మీటరేనా? ఆ రెండు వేళ్ళూ మా అమ్మ కాడున్నాయి, ఎల్లి ఆవిణ్ణడుగు. అక్కడ మా అన్న బోటు దించేత్తన్నాడు. ఆ తోపులో నా సెయ్యి లేకపోతే నా బోటులో నేనే కూలోణ్ణి. నువ్వు గెడ్డి పట్టుకుంటా కూకో, నేను నీ పక్కన కూకుంటాను, ఇద్దరం ఇక్కడే సద్దాం."

అని కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. చేప రెండుసార్లు తోక కొట్టి ఆగిపోయింది. ఈ గొడవలో దాన్ని వదలాలన్న సంగతి బాబా కూడా మర్చిపోయాడు.

కాసేపటికి ఇంజను మోగింది. బుల్లిరాజు తలెత్తాడు. బాబా స్టీరింగు దగ్గర నిలబడి ఉన్నాడు. బుల్లిరాజు ఆయన్ని ఆపబోయాడు గానీ ఆగిపోయాడు. ఆటుకి నీళ్ళు తీసేశాయి, రేవుకి పోయే కాలువ మేటల మధ్య సన్నగా మిగిలింది. దాంట్లోంచి బోటు తీసుకుపోవాలంటే బుల్లిరాజే ఊపిరి బిగబట్టి పోతాడు. బాబా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో నడుపుతూ, మేటలకి అటొక మూర, ఇటొక మూర వదిలి, ఇంటి గుమ్మంలోకి నడిచి వచ్చినట్టు వచ్చి, రేవు గోడకి రాపిడి తగలకుండా ఆనించాడు. తాడు తనే కట్టాడు.

"నీకు బోటు వచ్చు," అన్నాడు బుల్లిరాజు.

"చిన్నప్పటినుంచీ వచ్చు."

"రాదన్నావు."

బాబా కుంటికాలు చాపుకుని రేవు గట్టు మీద కూర్చున్నాడు. "వచ్చంటే నువ్వు పోతావు. ఒక్కణ్ణీ కూర్చుని చేప పడితే ఎవరికి చూపించను? అంత దూరం సరస్సులకి చేప కోసమే పోయాననుకున్నావా? అక్కడ గైడు రోజంతా పక్కనే ఉంటాడు. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు."

బుల్లిరాజుకి జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఈ ముక్క ఏప్రిల్‌లోనే చెప్పి ఉంటే నెలన్నర గడ్డి పీకే పని తప్పేది కదా, పెద్దమనిషి. కానీ ఐదేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి, ఇంత ఒంటరివాడని తనూ ఎన్నడూ చూడలేదు.

"మీటరు అయితే కాదు," అన్నాడు బాబా, అది మాత్రం వదలకుండా. "నేను కొలతలో అబద్ధం ఆడను. కానీ బోటు సంగతిలో ఆడాను. అబద్ధం మీద పెట్టిన షరతు చెల్లదు. టికెట్టు తీసుకో."

బుల్లిరాజు నోరు తెరిచేలోపు ఇంకో మాట అన్నాడు. "వచ్చే శుక్రవారం ఆ కక్కేవాణ్ణి పంపు. బోటు నేను నడుపుతాను. వాడు ఊరికే మాట్లాడితే చాలు. ఆ గేదె చివరికి దొరికిందా లేదా?"

ఆ సాయంత్రం బుదైయా ఇంటి వంటింట్లో బుల్లిరాజు వంజరం పులుసు పెట్టాడు. బాబా తను పట్టిన చేపని తను తినడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి. కారానికి కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ మూడు ముక్కలు తిన్నాడు. లింగన్నకి ఫోన్ చేస్తే, "తమ్మీ, నా పానం దీస్తవా ఏంది?" అని మొదలుపెట్టి, బర్రె కథ ఆయనకి అంత నచ్చిందా అని రెండుసార్లు అడిగి, వస్తానన్నాడు.

నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామున పాలెంలో బోటు ఇసక మీంచి కదిలినప్పుడు బుల్లిరాజు రెండు చేతులూ దాని మీద ఉన్నాయి. పక్కన అచ్చిబాబు ఉన్నాడు. నీళ్ళు బోటుని అందుకున్నాక కూడా బుల్లిరాజు చేతులు తియ్యలేదు. చాల్లేరా, ఎక్కు అని అన్న కసిరితే ఎక్కాడు.

ఆ రోజు పెద్ద వంజరం పడింది. అచ్చిబాబు చాకు తీసి తమ్ముడి చేతికిచ్చాడు, కొత్త బోటు మొదటి వాటా నువ్వే ఇయ్యి అని. బుల్లిరాజు చాకు పట్టుకుని ఆగిపోయాడు.

"ఉండన్నియ్యా," అన్నాడు. "ముందు కొలుద్దాం."

అచ్చిబాబు, వీడికి ఆ దేశంలో ఏదో పట్టిందన్నట్టు చూశాడు. బుల్లిరాజు పట్టించుకోలేదు. తాడు పెట్టి కొలిచి, తాడుకి ముడి వేసి, ఫోటో తీసి, అప్పుడు తోక కొసలు కోసి అమ్మకిచ్చాడు. ఒడ్డుకొచ్చి, చేపని కాటా మీద పెట్టించి, బేరం అయ్యాక, ముడిదాకా తాడు టేపుతో కొలిచి బాబాకి ఫోన్ చేశాడు. మీటరు మీద నాలుగు వేళ్ళు అని చెప్పాడు. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు. అవతల బాబా వెనకాల లింగన్న గొంతు, ఏదో ఊరి సంగతి, వినిపిస్తోంది.

"మాషా అల్లా," అన్నాడు బాబా, మనస్ఫూర్తిగా. తర్వాత అడిగాడు. "వదిలేశావా?"

సొంత ఊరి ఇసక మీద, సొంత బోటు పక్కన, బుల్లిరాజుకి మళ్ళీ తిక్క రేగింది.